ఓబీ దిబ్బ మీద కలుపు గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రామగుండం వైపు ఓసీపీలో, అంటే ఉపరితల బొగ్గు గనిలో, పర్యావరణ విభాగంలో చేరావని, బొగ్గు మీది మట్టి, రాళ్లు తవ్వి పోసిన పాత ఓబీ దిబ్బ మీద పచ్చదనం పెంచే బాధ్యత నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. నేను పనిచేసిన గనిలో మేము నాటిన మొక్కలను ఎండకన్నా వయ్యారిభామ అనే కలుపుమొక్కే ఎక్కువగా చంపింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తవ్వకానికి ముందు ఒలిచి పక్కన పోసే పైమట్టిలో సారంతోపాటు అంతవరకు రాలిన కలుపు గింజలన్నీ ఉంటాయి. మేము ఆ కుప్పను రెండు వర్షాకాలాలు ఖాళీగా వదిలేశాము. దసరా నాటికి అది తెల్లని పూలతో నిండిపోయింది. ఒక్కో మొక్క పదివేలకు పైగా గింజలు రాల్చగలదని తెలిసి కూడా ఆ మట్టినే దిబ్బంతా పరిచి, కలుపును మా చేతులతోనే విత్తాము. నువ్వు మాత్రం కుప్ప పోసిన వెంటనే, తొలి వానకే కలుపుకు చోటు లేకుండా దాని మీద జనుమో జీలుగో చల్లించు.

తరువాత చూడవలసింది గని లారీలు తిరిగే బండ్లదారి. దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో నీళ్లు చల్లుతారు కాబట్టి ఆ దారి అంచుల్లో నడివేసవిలోనూ వయ్యారిభామ మొలుస్తుంది. బయటి నుంచి వచ్చిన డోజరు (మట్టిని నెట్టే యంత్రం) చైను పలకల మధ్య ఇరుక్కున్న మట్టిబెడ్డను చిదిమి చూస్తే, నువ్వుగింజకన్నా చిన్నవైన నల్లని గింజలు తెల్లని పొట్టుతో కనబడవచ్చు. యంత్రాన్ని గేటు దగ్గరే కడిగించి లోపలికి రానివ్వు.

మొలిచిన నెల, నెలన్నరలో పూత వస్తుంది కనుక పదిహేను రోజులకొకసారి దిబ్బంతా నడిచి చూడు. వాన వెలిసిన మరునాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకించాలి. ఎండు నేలలో కాడ తెగి మళ్లీ చిగురిస్తుంది. పూతకు రాని మొక్కలను ఎరువుగుంటలో వేయవచ్చు, పూసినవాటిని ఈడ్చకుండా సంచుల్లోకి ఎత్తించాలి. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ లేకుండా ఎవరినీ పనిలో దించకు. మా దగ్గర పనిచేసిన ఒకామెకు ఈ మొక్క తగిలి మోచేతుల దాకా చర్మం మందమై పగిలిపోయింది, ఆ తరువాత ఆమె ఎండలో నిలబడలేకపోయింది. ఆ బాధ నేను ఇప్పటికీ మరువలేను.

1984లో మన దేశంలో విడుదల చేసిన మెక్సికన్ పెంకుపురుగు వానల్లో ఈ ఆకులను తింటుంది. అది కనబడిన చోట పురుగుమందు కొట్టనివ్వకు. కలుపుమందు విషయంలోనూ తొందర వద్దు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

దిబ్బ మీద మరో బెడద సర్కారు తుమ్మ. దాన్ని నేలమట్టానికి నరికితే ఒక్క మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. మొదలును అడుగు లోతు తవ్వి తీయించు. కాయలు తిన్న మేకల పెంట నుంచి అది మళ్లీ మొలుస్తుంది కాబట్టి, కాయలు పండే కాలంలో మందలను దిబ్బ ఎక్కనివ్వకు.

కలుపు తీసిన చోటును ఖాళీగా ఉంచడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తవ్వకం ముగిసిన నేలలో పశువుల మేతకు తగిన గడ్డి పెంచాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వయ్యారిభామ మేసిన పశువు పాలు చేదెక్కుతాయి. అందుకని కలుపు తీసిన వెంటనే స్టైలో అనే పశుగ్రాసం వేయించు. దారుల వెంట తగిరిస గింజలు చల్లితే అది వయ్యారిభామను ఎదగనివ్వదు. చలికాలంలో తగిరిస కాయలు ఎండగానే ఊరివారి చేత ఏరించి, గోనెసంచుల్లో దాచి, ఏప్రిల్, మే నెలల్లో వానలకు ముందే చల్లించు.

— మామయ్య