చాకు కంటే ముందు ఒర చూడండి

పనిముట్ల శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు బెంగళూరు నుంచి జవాబులు

పోయిన సంచికలో మడత చాకుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మడత లేని చిన్న చాకుల గురించే. ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పార్సిళ్ళు విప్పడానికి, ఆఫీసులో పండు కోసుకోడానికి, బండి వెనక సామాను కట్టిన తాడు తెంపడానికి బ్యాగులో ఒక మడత చాకు ఉండేది. దాని లాక్ వదులైపోయింది, మడత దగ్గర మామిడి రసం, దుమ్ము పేరుకుని తెరవడమే కష్టంగా ఉంది. ఈసారి మడత లేనిది కొందామని. 2,500 వరకు పెట్టగలను. వీడియోలు చూస్తే ఒకడు డీ2 స్టీల్ అంటాడు, ఇంకొకడు ఫుల్ టాంగ్ లేకపోతే చాకే కాదంటాడు. ఏది కొనమంటారు?
(ఒక పాఠకుడు, మారతహళ్ళి)

జవాబు: స్టీల్ అడిగారు, టాంగ్ అడిగారు, ఒర గురించి ఒక్క ముక్క లేదు. అందరూ అంతే. మడత చాకుకి దాని పిడే ఒర. మడత లేనిదానికి ఒర సరిగ్గా లేకపోతే బ్యాగులో చార్జర్ వైరన్నా కోస్తుంది, వెతుక్కుంటూ చెయ్యి పెట్టిన మీ వేలన్నా కోస్తుంది. మీరు దాంతో పని చేసే అయిదు నిమిషాలు పోగా మిగతా రోజంతా అది ఉండేది ఒరలోనే కదా, అందుకని నేను ఏ చాకు చేతికొచ్చినా ముందు ఒర సంగతే చూస్తాను.

చూడటం ఎలాగంటే, చాకును ఒరలో పెట్టి, కింద పరుపు ఉండేలా చూసుకుని, తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపండి. జారిందా, తిరిగి ఇచ్చేయండి. జారకపోతే బొటనవేలితో ఒర మూతిని నెట్టి చూడండి, టక్కుమని వదలాలి. బలమంతా పెట్టి లాగితే గానీ రాని చాకు కూడా ప్రమాదమే, ఎందుకంటే వదిలిన ఆ క్షణంలో చెయ్యి అదుపు తప్పి ఎటో పోతుంది. నాలుగైదుసార్లు తీసి పెట్టాక ఒర మూతి దగ్గర ప్లాస్టిక్ పొట్టు సన్నగా లేస్తుంటే పదును అక్కడ రాసుకుంటోందని అర్థం, అలాంటి ఒర వారంలో మీ పదునంతా తినేస్తుంది. అడుగున చిన్న చిల్లు ఉండాలి, లోపలికి వెళ్ళిన నీళ్ళు కారిపోవడానికి. తోలు ఒర అయితే పదును వైపు కుట్టు దగ్గర రెండు తోళ్ళ మధ్య ఇంకో తోలు పట్టీ పెట్టి కుట్టారో లేదో చూడండి. అది లేకపోతే చాకు దూర్చినప్పుడల్లా దారాన్నే కోస్తుంది, ఒకరోజు ఒర పక్కనుంచి పదును బయటికొచ్చి కూర్చుంటుంది.

ఇక చాకు. మీరు చెప్పిన పనులకి అలుగు, అంటే పిడి బయట ఉండే కోసే భాగం, 7 నుంచి 9 సెంటీమీటర్లు చాలు, దాదాపు నాలుగు వేళ్ళ వెడల్పు. మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు, ఎందుకంటే చూడ్డానికి గంభీరంగా ఉంటుందని 4, 5 మిల్లీమీటర్ల మందంది కొంటారు, దాంతో గట్టి జామకాయ కోస్తే అది తెగదు, సగం దూరం వెళ్ళి ఫట్‌మని పగులుతుంది. మందం అలుగు కర్రలు చీల్చడానికి పనికొస్తుంది, మారతహళ్ళిలో మీరు చీల్చే కర్రలేవీ నాకు తెలిసి లేవు.

టాంగ్ అంటే పిడి లోపలికి దూరి ఉండే ఇనుము. అది పిడి చివరిదాకా, పిడంత వెడల్పుతో ఉంటే ఫుల్ టాంగ్ అంటారు. సుత్తితో కొట్టి కట్టెలు చీల్చేవాళ్ళకి అది కావాలి గానీ అట్టపెట్టె మీద టేపు కోయడానికి ఎందుకు? స్వీడన్‌లో మోరా అనే ఊళ్ళో తయారయ్యే మోరా చాకుల్లో చాలావాటికి ఫుల్ టాంగ్ ఉండదు, అయినా వడ్రంగులు, చేపలవాళ్ళు తరాలుగా వాడుతూనే ఉన్నారు.

డీ2 మంచి స్టీలే, పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ అందులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా, కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉండటంతో ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులైపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. పైగా మొద్దుబారాక మామూలు సానరాయి మీద దాన్ని దారికి తేవడం మొదటిసారి చేసేవాళ్ళకి ఓపికకి పరీక్ష. మీకు 12సీ27 గానీ 14సీ28ఎన్ గానీ, ఈ రెండు స్టీల్ రకాల్లో ఏదైనా చాలు. రెండూ స్టెయిన్‌లెస్సే, రెండూ సులువుగా పదునెక్కుతాయి. నీళ్ళ అలల్లాంటి గీతలుండి డమాస్కస్ అని చవగ్గా అమ్మేవాటి జోలికి వెళ్ళకండి, చాలావాటికి ఆ గీతలు లేజర్‌తో పైపైన గీసినవే. అసలుదైతే ఆ గీతలు చాకు వీపు మీద, అంటే పదునుకి ఎదురువైపు అంచు మీద కూడా కొనసాగుతాయి.

మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్ రకం మీ బడ్జెట్‌కి దగ్గర్లోనే దొరకొచ్చు. అలుగు 10.4 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ ఒర గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆఫీసు బ్యాగుకి కొంచెం పొడవే. అదే కంపెనీ ఎల్‌డ్రిస్ 5.9 సెంటీమీటర్లే, కానీ పిడి కూడా పొట్టిది, పెద్ద చేతులకి ఇబ్బంది. నన్నడిగితే, వారాంతాల్లో కొండలెక్కే అలవాటుంటే కంపానియన్ తీసుకోండి (అభయారణ్యాల్లోకి మాత్రం కాదు, ఆ సంగతి కింద చెప్పాను). లేదంటే విక్టోరినాక్స్ వాళ్ళ కూరగాయల చిన్న చాకు, 8 సెంటీమీటర్లది, కొన్ని వందల్లో వస్తుంది, పలచగా ఉంటుంది, పండు కోయడంలో వేలు పోసి కొన్న చాకులు దాని దగ్గర దిగదుడుపే. దానికి ఒర రాదు, అదొక్కటే తంటా. హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు ముక్క తీసుకుని, హీట్ గన్‌తో మెత్తబడేదాకా వేడి చేసి, కాగితం చుట్టిన చాకును మధ్యలో పెట్టి రెండు చెక్కల మధ్య నొక్కితే ఒర తయారవుతుంది. ఆరుబయట చేయండి, గ్యాస్ మంట మీద మాత్రం వద్దు, పీవీసీ కాలితే వచ్చే పొగ విషం.

ఆన్‌లైన్‌లో కొనేముందు హార్డ్‌వేర్ షాపులుండే ఎస్పీ రోడ్డు వైపు ఒకసారి తిరిగి, ఏ చాకైనా సరే చేతిలో పట్టుకుని చూడండి. పిడి మీద నాలుగు వేళ్ళూ ఆనాలి, చూపుడువేలు అలుగు మీదికి జారకుండా చిన్న అడ్డో, వంపో ఉండాలి. ఇంటికొచ్చాక చేతికి సబ్బు రాసుకుని, చాకు ఒరలో ఉండగానే, పిడి ఒకసారి పట్టుకుంటే అది జారుతుందా లేదా అన్న అసలు సంగతి బయటపడుతుంది.

ప్రశ్న: బీటీఎం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా రోజూ మెట్రోలో వెళ్తాను. రాత్రి లేటవుతుంది కాబట్టి చిన్న చాకు ఒకటి బ్యాగులో ఉంటే ధైర్యంగా ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. చట్టప్రకారం తప్పా?
(ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్)

జవాబు: ముందు మెట్రో సంగతి. స్టేషన్లో మీ బ్యాగు స్కానర్ లోంచి వెళ్తుంది, పదునైన వస్తువులు రానివ్వరు. అక్కడ ఆపితే లైన్లో అందరి ముందూ వాదించడం, ఆఫీసుకి లేటవడం, ఆ టెన్షన్ అంతా ఎందుకు? రోజూ మెట్రో ఎక్కేవాళ్ళు చాకును ఆఫీసు డ్రాయర్లో ఉంచుకోవడమే నయం. విమానమైతే క్యాబిన్ బ్యాగులో కుదరదు, చెకిన్ బ్యాగులో పెట్టుకోవచ్చు.

చట్టం మాటకొస్తే, 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాల్లో కొలత ఇచ్చారు: అలుగు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉండి, ఇంటికో, పొలానికో, పరిశ్రమకో ఉద్దేశించినది కాకపోతే అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. మూడంగుళాల పండ్ల చాకు ఆ లెక్కలోకి రాదు. అలాగని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చని కాదు. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు, ఇదివరకు 144 సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై నుంచి కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్. అలాంటి రోజుల్లో ఇంట్లో వదిలేయండి. మామూలు రోజుల్లో కూడా ఒరలో, టిఫిన్ బాక్సు పక్కన ఉన్న చాకు వేరు, నడుముకి వేలాడేది వేరు, చూసే పోలీసు కళ్ళకి.

ధైర్యం గురించి మాత్రం మీ ఫ్రెండ్స్‌తో నేను ఏకీభవించను. ఎవరైనా మీద పడితే బ్యాగు జిప్పు తీసి, ఒర లాగి, అప్పుడు చాకు పట్టుకునే టైముండదు, ఉన్నా అది మీ చేతిలోంచి లాక్కుంటే పరిస్థితి ఇంకా పాడవుతుంది. పైగా ఎందుకు పెట్టుకున్నారని అడిగితే ‘ఆత్మరక్షణకి’ అనగానే అది పండ్ల చాకు కాకుండా పోతుంది. ఫోన్లో అత్యవసర నంబరు 112 ఒక్క నొక్కుతో కలిసేలా పెట్టుకోండి, లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పంపండి. చాకు పండ్లకి.

ప్రశ్న: మాది చెన్నై, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరం. ఊళ్ళో కమ్మరి దగ్గర లారీ కమాన్ (స్ప్రింగ్) పట్టీతో చిన్న చాకు చేయించుకున్నాను, అద్భుతంగా తెగుతుంది. కానీ ఎంత తుడిచినా రెండు రోజుల్లో తుప్పు మచ్చలు. పారేయాలా?
(ఒక పాఠకుడు, బెసెంట్ నగర్)

జవాబు: అయ్యో, పారేయకండి! కమాన్ పట్టీ మంచి స్ప్రింగ్ స్టీల్, సరిగ్గా కాల్చి చల్లార్చితే చిన్న చాకుకి అంతకంటే ఏం కావాలి. అందులో తుప్పును ఆపేంత క్రోమియం ఉండదు, మీ ఇంట్లో గాలిలోనే ఉప్పు ఉంది, అంతే సంగతి.

అసలు దొంగ తోలు ఒర అయ్యుండొచ్చు. తోలు తేమని పీల్చుకుని పట్టి ఉంచుతుంది, రాత్రంతా చాకు ఆ తడిలోనే నానుతుంది. బయటికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రమే ఒరలో పెట్టండి, ఇంట్లో ఉన్నప్పుడు పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో వేయండి. పూయడానికి కొబ్బరినూనె వాడండి, పండ్లు కోసే చాకు కాబట్టి నోట్లోకి వెళ్ళినా ఫర్వాలేదు. వేరుశెనగ, సన్‌ఫ్లవర్ నూనెలైతే కొన్నాళ్ళకి జిగురులా గట్టిపడి ఒరకి అంటుకుంటాయి. మామిడికాయ, నిమ్మకాయ కోయగా కోయగా అలుగు మీద బూడిదరంగు పొర వస్తుంది, దాన్ని తోమేయకండి, ఎర్ర తుప్పుని అది కొంతవరకు ఆపుతుంది. ఇంకోమాట, ఆయుధపూజ రోజు తడి కుంకుమ బొట్టు పెడితే మర్నాటికల్లా తుడిచేయండి. మా ఇంట్లో ఒక పాత చాకు మీద ఆ బొట్టు గుండ్రంగా, శాశ్వతంగా అచ్చు పడిపోయి ఉంది.

రోజూ ఇంత సేవ చేయలేనంటే చెన్నైలో స్టెయిన్‌లెస్ తప్ప గతి లేదు. బెంగళూరులో గాలి అంత తడి కాదు కాబట్టి కార్బన్ స్టీల్‌తో కాస్త బద్ధకించినా నడిచిపోతుంది.

ప్రశ్న: కుమారపర్వత ట్రెక్‌కి వెళ్తున్నాం. చిన్న చాకు తీసుకెళ్ళొచ్చా?
(ఒక పాఠకుడు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

జవాబు: వద్దు. అది పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్నమాట కిందికి చాకులు కూడా వస్తాయి, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదు. కుద్రేముఖ్ లాంటి జాతీయ పార్కులకీ ఇదే వర్తిస్తుంది. పండ్లు ఇంట్లోనే కోసి డబ్బాలో పెట్టుకోండి, లేదా అరటిపండ్లు తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా వీధిలోకి సాన పట్టే అతను వస్తాడు. కొత్త చాకు అతనికి ఇవ్వొచ్చా, నేనే నేర్చుకోవాలా?
(ఒక పాఠకురాలు, మల్లేశ్వరం)

జవాబు: కత్తిపీటకి, కొబ్బరికాయలు కొట్టే కత్తికి అతన్ని మించినవాడు లేడు, ఇవ్వండి. పలచటి కొత్త చాకు మాత్రం ఇవ్వకండి. పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేస్తున్నప్పుడు సన్నటి అంచు క్షణంలో వేడెక్కిపోతుంది, అక్కడ నీలిరంగు కనబడిందంటే ఆ భాగం మెత్తబడిపోయినట్టే, ఇక ఎంత నూరినా పదును నిలవదు. చక్రం ఒక్కసారి తిరిగితే పోయే ఇనుము మీరు ఇంట్లో ఏడాది నూరినా పోదు.

1000 నంబరు (రాయి రేణువులు ఎంత సన్నవో చెప్పే అంకె) తడి సానరాయి ఒకటి కొనండి. పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డ మీద కదలకుండా పెట్టండి. మోరా లాంటి చాకు అయితే అంచు పక్కన ఒకే వెడల్పాటి వాలు ఉంటుంది, దాన్ని రాయి మీద పూర్తిగా ఆనించి నూరితే చాలు, కోణం అదే కుదురుతుంది. వంటింటి చాకు రకమైతే వీపును రాయి మీంచి 15 నుంచి 20 డిగ్రీలు లేపి పట్టుకోవాలి. ఒకవైపు నూరాక, రెండోవైపు బొటనవేలితో అలుగు మీంచి అంచు బయటికి అడ్డంగా మెల్లగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. మొదలు నుంచి మొనదాకా అది తగిలిన తర్వాతే చాకు తిప్పండి, అంతకుముందు తిప్పితే మొన దగ్గర మొద్దుగానే మిగిలిపోతుంది. ఆఖర్న పాత తోలు బెల్టు మీద, పదును వెనక వచ్చేలా, రెండు వైపులా కొన్నిసార్లు లాగండి. బాగా పండిన టమాటా మీద చాకును నొక్కకుండా ఊరికే ఆనించి లాగినప్పుడు తొక్కు తెగిందంటే ఆపేయొచ్చు, జారిపోతే మళ్ళీ రాయి దగ్గరికే.