గోల్ఫ్ ఆడితే నడుము నొప్పి వస్తోంది, బెల్టు పెట్టుకుని ఆడొచ్చా?

తొమ్మిది హోల్స్, అంటే సగం ఆట, దాటేసరికి నడుము కింద కుడి పక్కన నొప్పి మొదలవుతోందని, మర్నాడు పొద్దున మంచం దిగడమే కష్టంగా ఉందని రాశారు. ఆట మానేయాలా, బెల్టు పెట్టుకుని ఆడొచ్చా అన్నది మీ ప్రశ్న. బెల్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ తుంటి చూసుకోండి. కుడిచేత్తో ఆడేవారైతే ఎడమ తుంటి.

నడుము నొప్పి అనగానే అందరూ నడుమునే పట్టుకుంటారు. కాపడం పెడతారు, స్కాన్ తీయిస్తారు. నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, గోల్ఫ్ ఆడేవాళ్ల నొప్పుల్లో ఎక్కువ భాగానికి నడుము కారణం కాదు. నడుములోని 5 వెన్నుపూసలూ కలిసి ఒక పక్కకి తిరిగేది 10, 15 డిగ్రీలే. వాటి కీళ్ల అమరికే అంత, వంగడానికి బాగుంటాయి గానీ తిరగడానికి కాదు. కర్ర తిప్పి బంతిని కొట్టే స్వింగ్‌లో భుజాలేమో 90 డిగ్రీలు తిరగాలి. మిగతాదంతా పై వీపు, తుంట్లు సర్దాలి. అవి బిగుసుకుపోతే నడుము తన వాటాకి మించి తిరుగుతుంది. అదీ శరీరం బరువుకి దాదాపు 8 రెట్ల ఒత్తిడి దాని మీద పడే క్షణంలో. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి ముందుగా బిగుసుకునేవి కూడా ఆ రెండే.

నాకు పట్టేసింది స్వింగ్ చేస్తుంటే కాదు. పద్నాలుగో గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బంతిని మెల్లగా దొర్లించే చిన్న పట్ వేశాను, బంతి గుంటలో పడింది, తీద్దామని వంగాను. అంతే, నడుములో చటుక్కున పట్టుకుంది. పైకి లేవలేను, కింద కూలబడలేను. పట్ వేసే కర్ర, అదే పటర్, నేలకి ఆనించి, తల వంచుకుని అలాగే ఉండిపోయాను. గుంటలో బంతి కనిపిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం అందదు. నాతో ఆడుతున్న ఒకాయన "ఏమైందండీ?" అని దగ్గరికొచ్చాడు. రెండో ఆయన స్కోర్ కార్డు తీసి "మీది అయిదా, ఆరా?" అన్నాడు. పళ్లు బిగబట్టి ఆరు అని చెప్పాను. వెనక జట్టు అప్పటికే గ్రీన్‌కి ముందుండే ఫెయిర్‌వేలో చేతులు కట్టుకుని నిలబడింది. మా వాళ్ల దృష్టిలో మనిషి పడిపోయినా ఫర్వాలేదు, ఆట మాత్రం ఆలస్యం కాకూడదు. చివరికి బ్యాగు మోసే క్యాడీ వచ్చి బంతి తీసి, జెండా పెట్టి, నన్ను మెల్లగా పక్కకి నడిపించాడు.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. పరుపు మార్చమని ఒకరు, నెల రోజులు కదలకుండా పడుకోమని ఒకరు. ఈ రెండోది నమ్మకండి. మామూలుగా పట్టేసిన నడుముకి ఓర్చుకోగలిగినంత నడకే మందు. పడుకున్న కొద్దీ కండరాలు ఇంకా నీరసిస్తాయి.

నేను వెళ్లిన ఫిజియో మొదట నా నడుము ముట్టుకోనేలేదు. కాళ్లు వేలాడేలా ఎత్తుగా కూర్చోబెట్టి, మోకాలు కదలకుండా పట్టుకుని, పాదాన్ని బయటి వైపుకి జరపమంది. కుడి పాదం హాయిగా వెళ్లింది. ఎడమది కాస్త కదిలి ఆగిపోయింది. పాదం బయటికి వెళ్తోందంటే తొడ ఎముక తుంటి దగ్గర లోపలికి తిరుగుతోందన్నమాట. బంతిని కొట్టాక ఎడమ కాలి మీద బరువు వేసి ఒళ్లంతా తిరిగేటప్పుడు కావలసింది సరిగ్గా ఆ కదలికే. మీరూ ఇవాళే కుర్చీలో కూర్చుని చూసుకోండి, రెండు వైపులా తేడా ఉంటే మీకే తెలిసిపోతుంది.

ఆమె చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది చాలా చిన్న మార్పు. బంతి ముందు నిలబడేటప్పుడు ఎడమ పాదం వేళ్లని టార్గెట్ వైపు కాస్త తిప్పి పెట్టడం. దాంతో తుంటి తిరగాల్సిన మేర తగ్గుతుంది. బలానికి, వెన్నెముక మీద కెనడాలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు వ్యాయామాలు చేయించింది: వెల్లకిలా పడుకుని తల, భుజాలు కొద్దిగా ఎత్తడం, మోచేతి మీద పక్కకి ఆని ఒళ్లు నిటారుగా నిలపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాచడం. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటాయి, చేస్తే తెలుస్తుంది. గుంటలోంచి బంతి తీసేటప్పుడు పటర్ మీద ఆనుకుని ఒక కాలు వెనక్కి లేపి వంగమంది. ఇప్పుడు అలాగే తీస్తాను, నవ్వేవాళ్లు నవ్వుతారు.

పొద్దున్నే ఆడేవాళ్లకి ఇంకో మాట. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. మా దగ్గర మాత్రం కారు దిగడం, అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర డ్రైవర్ తీయడం, బలమంతా పెట్టి కొట్టడం! కాసేపు నడిచి, దగ్గరి దెబ్బలకి వాడే వెడ్జ్‌తో నాలుగు మెల్లగా కొడితే ఎవరి పరువూ పోదు.

వీడియోల్లో స్వింగ్ నేర్పే వాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. తుంట్లు కదలనివ్వకుండా భుజాలు మాత్రం తిప్పితే దూరం పెరుగుతుందని ఊదరగొడతారు. ఇరవై ఏళ్ల ప్రొఫెషనల్‌కి సరే. యాభై దాటిన నడుముకెందుకు ఆ శిక్ష? అమెరికన్ గోల్ఫర్ జాక్ నిక్లాస్ కర్రని వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ పైకి లేపేవాడు, తుంట్లు హాయిగా తిరిగేవి. 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు, గెలిచాడు. నేనూ మడమ లేపుతాను. దూరం కొంచెం తగ్గింది, తగ్గితే తగ్గనీ.

"ఆపరేషన్ చేయించుకుని టైగర్ వుడ్స్ 2019లో మాస్టర్స్ టోర్నీ గెలవలేదా?" అని మీ క్లబ్‌లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. గెలిచాడు. 2014 నుంచి 2017 దాకా నాలుగు వెన్ను ఆపరేషన్లయ్యాక. ఆ గెలుపు తర్వాత కూడా కత్తి కిందకి వెళ్లాల్సి వచ్చింది. స్కాన్ రిపోర్టులో డిస్క్ ఉబ్బిందని రాగానే హడలిపోకండి. ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవాళ్లని స్కాన్ చేసినా సగం మందికి పైగా అది కనిపిస్తుంది. అయితే పాదంలో పట్టు తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా నా జవాబు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో పాటు నొప్పి ఉన్నా అంతే.

ఇక బెల్టు. పెట్టుకుంటే ధైర్యంగా అనిపిస్తుంది, నేనూ కొన్నాళ్లు వాడాను. కానీ అది మీ ఎడమ తుంటిని తిప్పదు. ఆట మానక్కర్లేదు. నొప్పి తగ్గేదాకా గ్రీన్ దగ్గర్నుంచి చిన్నగా లేపి కొట్టే చిప్పింగ్, పటింగ్‌తో సరిపెట్టుకుని, తర్వాత చిన్న ఐరన్ కర్రలు, అన్నిటికన్నా చివర్న డ్రైవర్ తీయండి.