తమ్ముడు గంజాయి మానాలి, విషయం బయటపడకూడదు: ఎలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మా తమ్ముడికి 19 ఏళ్లు. మధురవాడ దగ్గర హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కొన్ని నెలలుగా గంజాయి తాగుతున్నట్లు నాకు మాత్రమే చెప్పి, అమ్మానాన్నలకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. క్లాసులకు వెళ్లడం లేదు, స్నేహితుల దగ్గర అప్పులు చేశాడు. మొన్న రాత్రి ‘నేను లేకపోయినా ఎవరికీ తేడా రాదులే అక్కా’ అని మెసేజ్ పెట్టాడు. ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసు అవుతుందా? కాలేజీకి తెలుస్తుందా? ఆదివారం ఇంటికి వస్తాడు, అప్పుడు మాట్లాడవచ్చా?

జవాబు: ఆదివారం దాకా ఆగకండమ్మా. మీ ఉత్తరంలో గంజాయి కంటే ఆ మెసేజే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఈ రోజే ఫోన్ చేసి, ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదు. అడిగాక తేలికపడి మనసు విప్పేవాళ్లే ఎక్కువ. ఎలా చేయాలో కూడా అనుకున్నానని అంటే మాత్రం క్షణం ఒంటరిగా ఉండనివ్వకండి. గదిలోని స్నేహితుణ్ని పక్కనే ఉండమని చెప్పి, 108కి ఫోన్ చేసి, మీరు బయలుదేరండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగం రాత్రయినా తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టాల్సిందే. ‘నిన్ను కాపాడుకోవడానికి అమ్మకు చెబుతున్నాను’ అని ముందు అతనికే చెప్పి, ఆ తర్వాత చెప్పండి.

అంత ప్రమాదం లేదని తేలితే, మొదటి ఫోన్ అతనే చేయాలని పట్టుబట్టకండి. టెలి మానస్ నంబరు 14416కు మీరే చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ ఇది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. వ్యసనం మానడానికే ప్రత్యేకంగా 14446 ఉంది. 1972 నంబరు గంజాయి అమ్మకాలు, రవాణాపై సమాచారం ఇవ్వడానికి. తమ్ముడి చికిత్స కోసం చేయాల్సింది దానికి కాదు.

ఇక పోలీసుల భయం. చికిత్స కోసం వచ్చినవాడి మీద డాక్టరు కేసు పెట్టించడు. పైగా మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్, వాడకం లేదా చిన్న మొత్తం దగ్గర ఉంచుకోవడంపై కేసు ఎదుర్కొంటున్నవారు కూడా తమంతట తాము ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తోంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవారికి ఈ రక్షణ దొరుకుతుందని చెప్పలేం. అప్పులు తీర్చడానికి ఎవరికైనా ప్యాకెట్లు చేరవేస్తున్నాడేమో మెల్లగా కనుక్కోండి. అదే జరుగుతుంటే ముందు న్యాయవాదిని కలవాలి.

కాలేజీకి ఎవరూ కబురు పంపరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యులుగా మా బాధ్యత. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. ఓపీ చీటీలో పేరు రాస్తారు, నిజమే. కానీ ఆసుపత్రి దాన్ని కాలేజీకి పంపదు. అతనికి 18 నిండాయి కాబట్టి తన చికిత్సకు తానే ఒప్పుకోవచ్చు, నాన్నగారి సంతకం అక్కర్లేదు.

మనకు దగ్గరలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వింటే మొహం చిట్లించేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్ల కోసం చికిత్స వాయిదా వేయకండి. గంజాయికి విరుగుడు మాత్ర అంటూ ఏదీ లేదు. కౌన్సెలింగే ప్రధానం. మానిన మొదటి ఒకటి రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందగించడం ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. అసలు దిగులు ముందు వచ్చిందా, గంజాయి ముందు వచ్చిందా అన్నది వైద్యుడు తేల్చాలి. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, లేని గొంతులు వినిపించడం ఉంటే వెంటనే చూపించాలి.

రెండు పనులు మాత్రం చేయకండి. అన్నంలో తెలియకుండా కలిపే పొడులు కొనకండి. వాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. ‘ఇంటి దగ్గరి నుంచే ఎత్తుకెళ్లి మాన్పిస్తాం’ అనే కేంద్రాలకు అప్పగించకండి; ఇష్టం లేకుండా గదిలో బంధించడం చికిత్స కాదు, చట్టం ఒప్పుకోదు. ఎక్కడ చేర్చినా ముందు రిజిస్ట్రేషన్ పత్రం అడగండి.

మాట్లాడేటప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. బీచ్ రోడ్డు మీద నడుస్తూ అడిగితే కుర్రాళ్లు ఎక్కువ చెబుతారు. ‘ఎందుకు చేశావురా’ కంటే ‘రాత్రి నిద్ర పడుతోందా’ అన్న ప్రశ్న బాగా పనిచేస్తుంది. ఇంట్లో ఎవరికి ముందు తెలియాలో అతణ్నే ఎంచుకోనివ్వండి. బహుశా అమ్మ పేరే చెబుతాడు. అప్పుల లెక్క ఆ రోజు అడగవద్దని అమ్మకు ముందే చెప్పి ఉంచండి.