అదే చొక్కా, అదే సీటు

ప్రశ్న: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే నాకు ప్రాణమండీ. మార్చి టోర్నమెంట్‌లో మా టీమ్ గెలిచిన రోజు వేసుకున్న చొక్కానే మళ్లీ వేసుకుంటా, సీటు కూడా మారను. ఇది మూఢనమ్మకమేనా?

జవాబు: నమ్మకమేనండీ, కానీ మీరొక్కరే కాదు. మైఖేల్ జోర్డాన్ 1982లో నార్త్ కరోలినాకి టైటిల్ తెచ్చిన షాట్ కొట్టాడు కదా, తర్వాత చికాగో బుల్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌లో ఆడేటప్పుడు కూడా లోపల ఆ కాలేజీ నిక్కరే వేసుకునేవాడు. ఇక కోచ్ జెర్రీ టర్కానియన్ అయితే మ్యాచ్ అంతా తడి టవల్ నములుతూనే ఉండేవాడు, నోరు ఎండిపోతుందని మొదలుపెట్టింది కాస్తా అలవాటైపోయింది, 1990 ఫైనల్‌లో ఆయన టీమ్ డ్యూక్‌ని 103-73తో ఓడించింది.

నా ఉద్దేశం చెప్పాలంటే, ఈ టోర్నమెంట్‌లో ఒక్కసారి ఓడితే ఇంటికే, రెండో ఛాన్స్ లేదు, 2018లో పదహారో సీడ్ (అంటే తన గ్రూపులో అట్టడుగు ర్యాంకు) యూఎంబీసీ అనే కాలేజీ టాప్ సీడ్ వర్జీనియాని 20 పాయింట్ల తేడాతో ఓడించిందంటే చూడండి, అలాంటి ఆటని చేతులు కట్టుకుని చూడటం అభిమానికి ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఏదో ఒకటి పట్టుకుంటాం. అదే వర్జీనియా మరుసటి ఏడాది టైటిల్ కొట్టింది! చొక్కా వేసుకోండి, ఓడితే మాత్రం మీ వల్లే అనుకోకండి.