పాత పటంలో బాహుదా మొగ

ప్రశ్న: ఇచ్ఛాపురం దాటిన బాహుదా నది సునాపూర్ దగ్గర సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పుటేర్లు, బీలలు (నీరు నిలిచే పల్లపు నేలలు) పూర్వం ఎలా ఉండేవో పటం గీస్తున్నాం. పాత పటాన్ని కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే ఊళ్లన్నీ పక్కకు జరిగిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ముందు ఎంత జరిగాయో కొలవండి. అన్నీ తూర్పుకు 4 కిలోమీటర్ల పైచిలుకు జరిగితే అది 19వ శతాబ్దపు లెక్క. అప్పట్లో మద్రాసు రేఖాంశాన్ని ఎక్కువగా కట్టారు. అంచున అచ్చయిన రేఖాంశాల్లోంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసేస్తే సర్దుకుంటుంది. తేడా రెండు మూడు వందల మీటర్లే అయితే, ఎవరెస్ట్ ప్రమాణంతో (భూమి ఆకారానికి పాత సర్వే వాడిన లెక్క) గీసిన పటాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనుకుని తెరిచారన్నమాట. పటాలు పరిచే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఎవరెస్ట్ ఎంచుకుని మళ్లీ తెరవండి.

తర్వాత ఆనవాళ్లు, అంటే పటంలోనూ చిత్రంలోనూ ఒకే చోటును గుర్తించే బిందువులు. నాలుగు మూలలకూ పరుచుకునేలా కనీసం 8 పెట్టండి. పాత గుడి, కొండమీది సర్వే రాయి పనికొస్తాయి. మొగనూ ఇసుక దిబ్బనూ ఏటి వంపునూ మాత్రం ముట్టుకోవద్దు. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఉత్తరానికే నడిచి మొగల్ని నెడుతుంది. వాటినే ఆనవాళ్లు చేస్తే మీరు కొలవాలనుకున్న కదలికే చెరిగిపోతుంది. ప్రతి బిందువునూ బలవంతంగా అతికించే థిన్ ప్లేట్ స్ప్లైన్ కూడా వద్దు. తప్పును దాచి ఏరును వంచేస్తుంది. పటాన్ని మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే మొదటి తరగతి పాలినామియల్ చాలు.

అంగుళానికి మైలు పటంలో 1 మిల్లీమీటరంటే 63 మీటర్లు. ఒంటి గీతగా కనిపించే ఉప్పుటేరు వెడల్పును అందులో కొలవలేం. అందుకు మైలుకు 16 అంగుళాల గ్రామపటం కావాలి. అక్కడ 1 మిల్లీమీటరు 4 మీటర్లే. సునాపూర్ ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లోనూ వెతకండి.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది బీల హద్దు దగ్గరే. సర్వే బృందాలు సాధారణంగా వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తిరిగేవి. పటంలో ఉన్నది నీళ్లు తగ్గిన కాలపు గీత. దాన్ని ఆగస్టు ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి బీల పెరిగిందనుకోకండి. ఫిబ్రవరి, మార్చి చిత్రాలే తీసుకోండి. అమెరికా ఉపగ్రహాలైన లాండ్‌శాట్‌వి 1972 నుంచి తీసినవి ఉచితంగా దొరుకుతాయి. తొలి చిత్రాల్లో ఒక్కో చుక్క 80 మీటర్లు, సన్నటి ఏర్లు కనపడవు. చిత్రం తీసిన వేళకు పోటో పాటో కూడా రాసుకోండి. నలుచదరపు గట్లు కనిపిస్తే పాత ఉప్పుమళ్లో, కొత్త రొయ్యల చెరువులో పైనుంచి చెప్పడం కష్టం; అక్కడికి వెళ్లి చూడాల్సిందే.