ఆషాఢంలో ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: మాది విజయనగరం. మా ఆయన ప్రైవేటు ఉద్యోగం మానేసి, సొంతంగా కట్టుకున్న పాటలతో ఊరూరా ప్రోగ్రాంలు చేస్తున్నారు. దసరాకి ఊపిరాడనంత పని. ఆషాఢం వస్తే నా టీచర్ జీతమే దిక్కు. ఆయన స్పీకర్ల ఈఎంఐ కూడా నేనే కడుతున్నాను. డబ్బు సంగతి ఎత్తితే ‘నీకు సంగీతం అంటే గిట్టదు’ అంటారు. మళ్లీ ఉద్యోగంలో చేరమని చెప్పమని మా నాన్న పోరు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారిని ఈ గొడవలోకి రానివ్వకండి. మామగారు ఉద్యోగం ఊసెత్తితే ఏ అల్లుడికైనా తల కొట్టేసినట్టే ఉంటుంది.

ఆయనకు చేతికి మిగిలేది ఎంతో మీరు రాయలేదు. మీకు తెలియదేమో. నిజానికి ఆయనకూ తెలియకపోవచ్చు! పలాసలో ప్రోగ్రాంకి 30,000 మాట్లాడుకున్నారనుకోండి. కీబోర్డు, తబలా వాళ్లకి చెరో 5,000, బండికి 7,000, తిండికీ బసకీ 3,000 పోతే మిగిలేది పదివేలు. అందులోనూ కమిటీవాళ్లు ‘పండగ లెక్కలు తేలాక ఇస్తాం’ అన్న బాకీ ఉంటుంది. మనిషి మాత్రం 30,000 వచ్చాయన్న లెక్కలోనే ఉంటాడు. బయానా పోను మిగతాది మైకు పట్టుకునే ముందే తీసుకోమనండి. మొహమాటపడితే అంతే సంగతులు.

తెల్లారగట్ల కాంప్లెక్స్‌లో బస్సు దిగి వచ్చిన రోజున ఈ మాటలు ఎత్తకండి. ప్రోగ్రాం లేని రోజు చూసుకుని ఇద్దరూ ఒక నోట్‌బుక్ ముందేసుకుని కూర్చోండి. పాట మానమని అడగకండి, లెక్క అడగండి. ఆషాఢం, మూఢం ఎప్పుడొస్తాయో పంచాంగంలో ముందే ఉంటుంది కదా! దసరా డబ్బులోంచే వాటికి తీసిపెట్టాలి.

ఆదిభట్ల నారాయణదాసుగారు ఊరూరా హరికథలు చెప్పినవారే. 1919లో మీ ఊళ్లో సంగీత పాఠశాల పెట్టినప్పుడు దానికి అధ్యక్షులూ ఆయనే. (ఈ పోలిక చెప్పి మీ ఆయన్ని మునగచెట్టు ఎక్కించకండి.) కచేరీలతో పాటు పాఠం చెప్పడం చిన్నతనమేమీ కాదు. నలుగురు పిల్లలకి సాయంత్రాలు నేర్పితే ఖాళీ నెలల్లో కాస్త ఆసరా. పాటలు సొంతవి కాబట్టి, పాటలు రాసేవాళ్లకీ బాణీలు కట్టేవాళ్లకీ రాయల్టీ వసూలు చేసి ఇచ్చే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోమనండి. రాయల్టీ తొందరగా రాదు, ఎక్కువా రాదు, కానీ పాటలు ఆయన పేరున నమోదై ఉంటాయి.

ఆ ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచి ఆయన ఖాతాలోంచే పోయేలా మార్పించండి. మీ జీతం ఇంటికి ఖర్చయితే కానివ్వండి, స్పీకర్లకి వద్దు.