వెబ్‌సైటు అడ్రసును కుడివైపు నుంచి చదవండి

(ఊరి కబురు, ఊరి పని: తిరుపతి పాఠకుల ప్రశ్నలకు, బైరాగిపట్టెడలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే మా కాలమిస్టు జవాబులు)

ప్రశ్న: అన్నా, వాన మొదలైతే చాలు, మా వీధి వాట్సాప్ గ్రూపులో చెరువు తెగిందని, ఘాట్ రోడ్డు మూసేశారని, రేపు స్కూళ్లకు సెలవని ఒకటే మెసేజీలు. ఏది నమ్మాలో తెలీక రాత్రిళ్లు నిద్ర పట్టదు. నిజం ఎక్కడ చూసుకోవాలి?
– ఒక గృహిణి, కొర్లగుంట

జవాబు: అక్కా, 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఘాట్ రోడ్లు మూసేశారు, శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతినింది, ఊళ్లో వీధులకు వీధులే నీళ్లలో నిలబడ్డాయి. ఆ వెనకే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడింది. కట్ట కింద పల్లెల్లో జనాన్ని ఖాళీ చేయించారు. లీకు నిజం, ఖాళీ చేయించిందీ నిజం. కట్ట మాత్రం తెగలేదు. మా గ్రూపులో అయితే అప్పటికే తెగిపోయింది, నీళ్లు తిరుపతికి బయల్దేరాయి కూడా! ఇలాంటి సగం నిజాలతోనే తంటా. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టేస్తారు. అలాగని అన్నీ పుకార్లేనని కొట్టిపారేస్తే, నిజంగా ఖాళీ చేయమన్న రోజున ఇంట్లోనే కూర్చుంటాం.

మెసేజీలో తేదీ, ఊరిపేరు, చెప్పిందెవరు అనేవి ఉన్నాయా చూడండి. మూడూ లేకపోతే ఎవరికీ పంపకండి. ఆ ఏడాది కపిలతీర్థం దగ్గర పొంగిన నీళ్ల వీడియో ఇప్పటికీ ప్రతి వానాకాలం 'ఇప్పుడే అందిన వార్త'గా నా ఫోనుకు వస్తూనే ఉంది.

వాన సంగతికి వాతావరణ శాఖ సైటు ఉంది: మౌసమ్ డాట్ ఐఎండీ డాట్ జీఓవీ డాట్ ఇన్. అందులో 'నౌకాస్ట్' అని ఉంటుంది, వచ్చే మూడు గంటల్లో ఏ జిల్లాలో ఏమవుతుందో మ్యాపులో రంగులేసి చూపిస్తారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే జాగ్రత్త పడే పని మొదలుపెట్టమని. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాళ్ల లెక్కలో భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. టీవీలో 'కుండపోత' అని అరిచినప్పుడు ఈ అంకెల్లో ఏది అని చూసుకోండి, సగం భయం తగ్గుతుంది. ఫోన్లో 'సచేత్' యాప్ పెట్టుకుంటే మీరున్న చోటుకు వచ్చే హెచ్చరికలు అదే చూపిస్తుంది. ఘాట్ రోడ్డు గురించి టీటీడీ చెప్పాలి, సెలవు గురించి కలెక్టరు చెప్పాలి. కలెక్టరు ప్రకటన రానంత వరకు పిల్లోళ్ల యూనిఫాం ఇస్త్రీ చేసే పెట్టండి. ఇంట్లోకి నీళ్లొస్తుంటే మాత్రం గ్రూపులో ఫొటో పెట్టడం తర్వాత, ముందు 112కో, విపత్తుల సంస్థ 1070కో ఫోను కొట్టండి.

ప్రశ్న: హైదరాబాదు నుంచి మా వియ్యపురాలు వాళ్లు దర్శనానికి వస్తామన్నారు. గూగుల్లో వెతికి ఒక సైటులో టికెట్లకు డబ్బు కట్టారట. టికెట్టు రాలేదు, ఫోనెత్తడం లేదు. అసలు సైటు ఏది? లోకల్ వాళ్లకు దర్శనం ఉందంటారు, అదెలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భవానీనగర్

జవాబు: మాస్టారూ, ముందు డబ్బు సంగతి. ఆలస్యం చేయకుండా వాళ్లను 1930కి ఫోను చేయమనండి, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు కూడా పెట్టమనండి. డబ్బు చేతులు మారేలోపు ఆపగలిగితేనే ఆపగలరు, కాబట్టి రేపు చూద్దాంలే అంటే అయ్యే పని కాదు. బ్యాంకు మెసేజీ, కట్టిన నంబరు, ఆ సైటు పేజీ ఫొటో దగ్గర పెట్టుకోమనండి.

దర్శనం టికెట్లకు టీటీడీకి ఉన్న సైటు ఒక్కటే: టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్. ఇంగ్లీషులో రాసేటప్పుడు 'టీటీడీ' మూడక్షరాల వెంటనే 'ఈవస్థానమ్స్' వస్తుంది, డీ అక్షరం ఒక్కసారే. రెండుసార్లు కొట్టి తప్పు సైటులోకి పోయేవాళ్లు నా సెంటర్లో రోజూ కనిపిస్తారు.

నకిలీని పట్టే పద్ధతి ఒకటి చెప్తా, కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ నేను చెప్పేదే. అడ్రసు మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవండి. గీతకు ముందు చిట్టచివర 'డాట్ జీఓవీ డాట్ ఇన్' ఉంటే ప్రభుత్వానిది. ఆ పేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. మోసగాళ్లు ఏం చేస్తారంటే, 'తిరుపతి', 'జీఓవీ', 'దర్శన్' అన్నీ ముందు పెట్టి చివర్లో డాట్ కామ్ అనో డాట్ ఆర్గ్ అనో ముగిస్తారు. మన కళ్లు ఎడమ నుంచి చదువుతాయి కాబట్టి గోపురం బొమ్మ, 'జీఓవీ' అన్న ముక్క చూడగానే నమ్మేస్తాం. పాస్‌పోర్టు దగ్గరా ఇదే కథ. మొన్న ఒకాయన ఎక్కడో ఫారం నింపి డబ్బు కట్టేసి, అపాయింట్‌మెంటు కాగితం ప్రింటు తీయమని వచ్చాడు. తీయడానికి ఏమీ లేదు. అసలుది పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ జీఓవీ డాట్ ఇన్.

అయితే ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి, అదే చిక్కు. ఆర్టీసీ టికెట్ల సైటు ఏపీఎస్‌ఆర్‌టీసీఆన్‌లైన్ డాట్ ఇన్, మన కరెంటు వాళ్లది ఏపీఎస్‌పీడీసీఎల్ డాట్ ఇన్, రైలు టికెట్లది ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్. వీటిలో జీఓవీ లేదు, అయినా అసలువే. వీటిని మాత్రం ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకోండి. గూగుల్లో వెతికితే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేవి డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలు, వాటి జోలికి పోకండి.

టికెట్టు లేకున్నా వియ్యపురాలు వాళ్ల రాక మానుకోనక్కర్లేదు. సర్వదర్శనం టైంస్లాట్ టోకెన్లు తిరుపతిలోనే ఉచితంగా ఇస్తారు: రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్. ఆధార్ తెచ్చుకోమనండి. ఇక మన లోకల్ దర్శనం 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది, నెలలో మొదటి మంగళవారం. తిరుపతి అర్బన్, రూరల్, చంద్రగిరి, రేణిగుంట మండలాలవాళ్లకూ తిరుమలవాసులకూ. ఆధార్ కార్డు మీద అడ్రసు ఇక్కడిదే ఉండాలి. టోకెన్లు ఇచ్చే పద్ధతి మారుతుంటుంది, ఆ నెల టీటీడీ ప్రకటన చూసుకునే బయల్దేరండి. మీకుంది కదా అని వియ్యపురాలిని వెంటబెట్టుకుని పోతే, ఆమెను వెనక్కి పంపుతారు, ఆ తర్వాత మాట పడేది మీరే.

ప్రశ్న: మా సందులో వీధిలైటు ఆరిపోయి చాలా రోజులైంది. సచివాలయంలో రెండుసార్లు చెప్పినా పలికే నాథుడు లేడు.
– ఒక విద్యార్థిని, పద్మావతిపురం

జవాబు: నోటితో చెప్పింది లెక్కలోకి రాదమ్మా. మీ సందు కార్పొరేషన్ పరిధిలోదైతే పురపాలక శాఖ 'పురమిత్ర' యాప్‌లో ఫొటోతో పెట్టు, స్తంభం మీద నంబరుంటే అది కూడా రాయి. వచ్చిన ఫిర్యాదు నంబరు దాచుకో. కదలకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో ఆ నంబరుతో అర్జీ ఇవ్వు, ఆ అర్జీ ఎక్కడిదాకా పోయిందో మీకోసం డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లోనూ, 1100కి ఫోను చేసీ కనుక్కోవచ్చు. వాట్సాప్ చాలనుకుంటే ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన 'మన మిత్ర' ఉంది, 95523 00009.

ప్రశ్న: ఎమ్మార్‌పల్లిలో పాత ఇల్లు కొంటున్నాం. పన్ను బకాయిలు లేవని అమ్మేవాళ్లు అంటున్నారు. బకాయి చూసిపెట్టి, ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసిచ్చేందుకు ఒక బ్రోకరు ఎనిమిది వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?
– ప్రైవేటు ఉద్యోగి, కె.టి.రోడ్డు

జవాబు: ఇవ్వొద్దు సార్. రెండూ మీ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. నా సెంటరుకొచ్చే బేరం పోయినా ఫర్వాలేదు.

అమ్మేవాళ్లను పాత ఇంటిపన్ను రసీదు ఒకటి అడగండి. దాని మీద అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది. పురపాలక శాఖ సైటు సీడీఎంఏ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఆస్తిపన్ను అన్న చోట తిరుపతిని ఎంచుకుని ఆ నంబరు కొడితే పేరు, డోరు నంబరు, బకాయి అన్నీ బయటపడతాయి. రసీదు ఇవ్వడానికి నసుగుతున్నారంటే అక్కడే అనుమానించాలి. పన్ను ఆరు నెలలకొకసారి లెక్క, గడువు దాటితే నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది కాబట్టి పాత బకాయి ఊరుకున్నకొద్దీ పెరుగుతుంది. రిజిస్ట్రేషనుకు ముందే వాళ్ల చేత కట్టించండి. ఆ తెరమీద కనిపించే పేరు కూడా చూడండి. చాలా ఇళ్లకు ఇప్పటికీ చనిపోయిన తాతపేరే ఉంటుంది. అప్పుడు అమ్మే అర్హత ఎవరికుంది, మిగతా వారసులు ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. అది వకీలు చూడాల్సిన పని, అక్కడ ఖర్చుకు వెనకాడకండి.

ఈసీకి రిజిస్ట్రేషన్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్. 1983 నుంచి లావాదేవీలు కంప్యూటర్లో ఉన్నాయి. బ్రోకర్లు పదమూడేళ్లకు తీసిచ్చి సరిపెడతారు, మీరు 1983 నుంచే తీయండి. అంతకు ముందుదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు చూపించాల్సిందే. ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయని మర్చిపోవద్దు. అన్నదమ్ములు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాలు అందులో ఉండవు. కొందరు ఇంటిస్థలానికి భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్ తీసుకొచ్చి చూపిస్తుంటారు. అడంగల్, వన్-బీ వ్యవసాయ భూములవి, ఇంటికి అవి చాలవు.

మీది కార్పొరేషనే. రూరల్ మండలంలో కొనే మిగతా పాఠకులకు మాత్రం ఒక మాట: పోస్టు అడ్రసులో తిరుపతి అని ఉన్నంత మాత్రాన ఇల్లు కార్పొరేషన్‌లో ఉన్నట్టు కాదు. రసీదు పంచాయతీదైతే సీడీఎంఏలో ఎంత వెతికినా దొరకదు. లేఅవుటుకు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా అన్నది వేరేగా కనుక్కోవాలి.

ఇల్లు మీ పేరిట మారాక ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను ఒకేసారి కట్టండి, ఐదు శాతం తగ్గిస్తారు. ఆ చివరి రోజున మాత్రం సైటూ నెమ్మదే, మా సెంటరూ కిటకిటే.

ప్రశ్న: 'ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి' అని మెసేజీ వచ్చింది. బిల్లు కట్టే ఉన్నాను.
– కిరాణా వ్యాపారి, తిలక్ రోడ్డు

జవాబు: ఫోను చేయకండి, వాళ్లు పంపే యాప్ ఎక్కించుకోకండి. మీ బిల్లు మీద పదమూడు అంకెల సర్వీసు నంబరుంది, అది కరెంటు వాళ్ల సైటులో కొట్టి బకాయి చూసుకోండి. ఇంకా అనుమానముంటే కరెంటు వాళ్ల 1912కి ఫోను చేయండి. అదీ తీరకపోతే ఆ సంస్థ హెడ్డాఫీసే మన తిరుచానూరు రోడ్డులో ఉంది, వేరే జిల్లాలవాళ్లకు లేని సౌకర్యం.

ప్రశ్న: బస్టాండులో ఫోను పోయింది. సిమ్ము బ్లాక్ చేయించాను. ఇంక చేసేదేమైనా ఉందా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: ఉంది తమ్ముడూ. పోలీసు ఫిర్యాదు కాపీతో సంచార్‌సాథీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఫోన్నే బ్లాక్ చేయించు. నంబరు ఫోను కొన్న డబ్బా మీద ఉంటుంది. నీ పేరు మీద నీకు తెలియని సిమ్ములేమైనా ఉన్నాయేమో అదే సైటులో చూసుకో.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. 'అన్నీ ఫోన్లోనే వస్తుంటే పేపరెందుకు తాతా' అని మనవడు మాన్పించాలని చూస్తున్నాడు. మానేయమంటావా నాయనా?
– ఒక పెద్దాయన, గాంధీ రోడ్డు

జవాబు: మానొద్దు తాతా. రాష్ట్రం వార్తలు ఫోన్లోనూ దొరుకుతాయి, జిల్లా పేజీల్లో వచ్చేవి అంత సులభంగా దొరకవు. ఫలానా సబ్‌స్టేషన్ పరిధిలో ఉదయం ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా కరెంటుండదు, ఏ వీధులకు నీళ్లు రావు, జాబ్‌మేళా ఎక్కడ అన్నవి ఒక మూలన చిన్న అక్షరాల్లో పడతాయి. వాటితోపాటు వకీళ్లు వేయించే నోటీసులు చదవండి. 'ఫలానా సర్వే నంబరు స్థలం నా క్లయింటు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో తెలపండి' అని ఉంటుంది. మా వీధిలో ఒక పెద్దావిడ తన అన్న ఉమ్మడి స్థలం అమ్మేస్తున్నాడని తెలుసుకుంది అలాంటి ప్రకటన చూసే. వాట్సాప్‌లో ఎవరూ చెప్పలేదు. అక్షరాలు కనిపించడమే కష్టమైతే మనవడిని అదే పేపరు ఈ-పేపరు తీసిపెట్టమనండి, వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు. తిరుపతి జిల్లా ఎడిషన్ ఎంచుకోమనడం మరిచిపోకండి, లేకపోతే వేరే జిల్లా పేజీలు తెరుచుకుంటాయి.